నర్డ్, గీక్, డోర్క్ మూడూ ఒకటేనా?

డాలస్_అమ్మ:
మా పెద్దోడు సెవెంత్ గ్రేడ్. మొన్న స్కూల్ నుంచి వచ్చి నన్ను నర్డ్ అన్నారమ్మా అని నవ్వుతూ చెప్పాడు, తర్వాతి వారం ఎవరో డోర్క్ అన్నారంట, ఆ రాత్రి పప్పన్నం కెలుకుతూ కూర్చున్నాడు గానీ నాలుగు ముద్దలు కూడా తినలేదు. మన పుస్తకాల పురుగు లాంటిదే కదరా అంటే "కాదమ్మా, నీకు తెలీదు" అని లేచి వెళ్ళిపోయాడు. గీక్ అని ఇంకోటి కూడా ఉంది కదా. వీటికి తేడా ఏంటండీ?

గోదారి_కోడర్:
బాబు కరెక్టే చెప్పాడు అక్కా. నర్డ్ అంటే చదువు బాగా వచ్చి నలుగురిలో కలవలేనివాడు. గీక్ అంటే ఏదో ఒకదాని మీద పిచ్చి ఉన్నోడు, మార్కులతో సంబంధం లేదు. నా రూమ్మేట్ ఒకడు కీబోర్డు మొత్తం విప్పి ఒక్కో స్విచ్‌కీ సన్న బ్రష్‌తో గ్రీజు రాస్తూ రాత్రి రెండింటిదాకా కూర్చునేవాడు, సెమిస్టర్లో మాత్రం మూడు బ్యాక్‌లాగులు, వాడు గీక్. డోర్క్‌లో తెలివి అన్న మాటే లేదు, ఎక్కడ ఏం మాట్లాడాలో తెలీని ముద్దపప్పు అని. మొదటి రెండిట్లో కాస్తో కూస్తో మెచ్చుకోలు ఉంది, ఇందులో అదీ లేదు, అందుకే బాబుకి తగిలింది.

పాత_మాస్టారు:
ఈ మాటల అర్థాలు చాలా మారాయమ్మా. నర్డ్ 1950లో డాక్టర్ స్యూస్ రాసిన పిల్లల పుస్తకంలో ఒక వింత జంతువు పేరు. మరుసటి ఏడాదే న్యూస్‌వీక్ పత్రిక దాన్ని డెట్రాయిట్ కుర్రాళ్ళ మాటగా రాసింది, అప్పటికి అర్థం పోకడ తెలియని చప్పటి మనిషి అనే, చదువు ఊసే లేదు. గీక్ అయితే ఇంకా ఘోరం, అమెరికా సంతల్లో బతికున్న కోడి తల కొరికి చూపించేవాణ్ణి అలా అనేవాళ్ళు. కంప్యూటర్ పనికి గిరాకీ పెరిగాకే ఆ మాటకి పరువొచ్చింది.

కరీంనగర్_పోరడు:
మన దగ్గర గూడ అంతే కదా, పుస్తకాల పురుగు వేరు, బట్టీ కొట్టేటోడు వేరు, ముద్దపప్పు వేరు. నన్ను ఇంటర్ హాస్టల్ల రెండేండ్లు సోడాబుడ్డి అనే పిలిచిన్రు, నా అసలు పేరు ఎవ్వరికీ యాదికి లేదు. నేను ఫస్ట్ ర్యాంకేం కాదు, అద్దాలు పెట్టుకునేది, తక్కువ మాట్లాడేది, గంతే. మాట తక్కువున్నోనికి తెలివి ఎక్కువనుకునుడు, లేకుంటే అసలే లేదనుకునుడు, రెండూ తప్పే. ఆ మాటకు అర్థమేందో పక్కన పెట్టి ఎవరన్నరు, ఎట్లన్నరు అని అడుగు అక్కా. దోస్తు నవ్వుకుంట అంటే ఏం గాదు, లంచ్ కాడ పక్కకు కూసోనియ్యకుంట అంటే మాత్రం టీచర్‌కు చెప్పాలె.

డాలస్_అమ్మ:
రాత్రి పడుకునే ముందు అడిగాను తమ్ముడూ. నాలుగు రోజులుగా లైబ్రరీలో ఒక్కడే తింటున్నాడంట. పొద్దున్నే టీచర్‌కి మెయిల్ పెట్టాను, రేపు రమ్మన్నారు.