హాలోవీన్ ఎండ్స్ (2022): చివరి భాగంలో కోరీ కథ అవసరమా?

సెకండ్‌షో:
హాలోవీన్ హారర్ సిరీస్‌లోని హాలోవీన్ ఎండ్స్ ఈ వారం మళ్లీ చూశాను. 2022 అక్టోబరులో వచ్చినప్పుడు దాన్ని తిట్టనివాళ్లు లేరు. ఇప్పటికీ ఈ సిరీస్ మాట వస్తే చాలు, "చివరిది మాత్రం వదిలెయ్" అంటారు. నేను ఒప్పుకోను. 2018 నుంచి డేవిడ్ గోర్డన్ గ్రీన్ తీసిన మూడింట్లో (2018 హాలోవీన్, హాలోవీన్ కిల్స్, ఎండ్స్) నాకు బాగా నచ్చింది ఇదే.

చూడనివాళ్ల కోసం కథ మొత్తం చెప్పేస్తున్నాను. 2019 హాలోవీన్ (అక్టోబరు 31) రాత్రి కోరీ కన్నింగ్‌హామ్ అనే కుర్రాడు ఒక ఇంట్లో పిల్లాణ్ణి చూసుకోవడానికి వెళ్తాడు. పిల్లాడు ఆటపట్టించాలని అతన్ని పై గదిలో పెట్టి తాళం వేస్తాడు. కోరీ కంగారులో తలుపును కాలితో తంతాడు. అవతల నిలబడ్డ పిల్లాడు పైనుంచి కిందకు పడి, అప్పుడే ఇంటికొచ్చిన తల్లిదండ్రుల కళ్ల ముందే చనిపోతాడు. కోరీకి శిక్ష పడదు, కానీ హ్యాడన్‌ఫీల్డ్ ఊరు మాత్రం అతన్ని హంతకుడిగానే చూస్తుంది. మూడేళ్ల తర్వాత ఒక మురుగు సొరంగంలో మైకేల్ మైయర్స్ కంటపడతాడు. 1978లో వచ్చిన మొదటి సినిమా నుంచి మాస్కు వేసుకుని జనాన్ని చంపేది ఈ మైకేలే. అక్కణ్ణుంచి కోరీ కూడా చంపడం మొదలుపెడతాడు, చివరికి మైకేల్ మాస్కే లాక్కుంటాడు.

పదమూడో సినిమాలో కూడా కొత్త మాట చెప్పాలని చూసినందుకు నాకు గౌరవం. మీకెందుకు నచ్చలేదో చెప్పండి.

పాత_క్యాసెట్:
ఎందుకంటే మేం కొన్న టికెట్టు కోరీ కోసం కాదు. పోస్టర్ మీద లారీ స్ట్రోడ్ (1978లో మైకేల్ చేతిలోంచి బతికి బయటపడ్డ అమ్మాయి), మైకేల్. ట్రైలర్ నిండా లారీ, మైకేల్. నలభై నాలుగేళ్ల పగకు ముగింపు అని ఊదరగొట్టారు. డాలస్‌లో మొదటి రోజే వెళ్లాను, హాలు నిండింది. మైకేల్ ఎప్పుడొస్తాడా అని చూసి చూసి, ముందు వరసలో వాళ్లు ఫోన్లు తీశారు. పెళ్లికి పిలిచి పక్కింటివాళ్ల బారసాల చూపించినట్టుంది.

జనం తీర్పు ఏమిటో లెక్కల్లోనే ఉంది. 2018 సినిమాకు అమెరికాలో మొదటి మూడు రోజులకే 7.6 కోట్ల డాలర్లు. దీనికి 4 కోట్లు. రెండో వారాంతానికి ఏకంగా 80 శాతం పడిపోయింది. బాగుంటే ఇలా పడిపోతుందా?

ఇంకొకటి అడుగుతాను. 2018 సినిమా చివర్లో తగలబెట్టిన ఇంట్లోంచి మైకేల్ కిల్స్‌లో బయటికొచ్చాడు. అందులోనే ఊరంతా కలిసి కొట్టినా లేచి నిలబడి వాళ్లందర్నీ చంపాడు. అలాంటివాడు నాలుగేళ్లు మురుగు సొరంగంలో నక్కి కూర్చున్నాడా? ఏం తిన్నాడు? ఎవరూ వెతకలేదా? ముందు దీనికి జవాబు చెప్పండి.

చింతచెట్టు:
కోరీ వేసిన అబ్బాయి, రోహన్ క్యాంప్‌బెల్, బాగా చేశాడు. కథ నాకూ నచ్చలేదు.

సెకండ్‌షో:
కలెక్షన్ల మాట పక్కన పెట్టండి. థియేటర్లో వచ్చిన రోజే పీకాక్ అనే ఓటీటీలో కూడా ఇంట్లో కూర్చుని చూసే వీలుండేది. రెండో వారం వెళ్లడానికి ఎవరు మిగులుతారు?

ఇక మైకేల్ తక్కువ కనిపించాడన్న బాధ. 1982లో వచ్చిన మూడో భాగంలో అసలు మైకేలే లేడు, అప్పుడూ ఇలాగే తిట్టారు. ఇవాళ దానికి ఎంతమంది అభిమానులున్నారో మీకు తెలుసు. గ్రీన్ ఆ సినిమా అక్షరాల తీరునే నీలిరంగులో తెచ్చి ఎండ్స్ టైటిల్స్‌కు వేశాడు. ఈసారి దారి మారుస్తున్నానని మొదటి నిమిషాల్లోనే చెప్పేశాడు. చూసేవాళ్లు పట్టించుకోకపోతే అతనేం చేస్తాడు?

పాత_క్యాసెట్:
మురుగు సొరంగం గురించి అడిగాను. టైటిల్స్ గురించి కాదు.

సెకండ్‌షో:
వాడు ముసలివాడయ్యాడు, దెబ్బలు తిని ఉన్నాడు, దాక్కున్నాడు. సినిమా అదే చూపిస్తోంది. 1963లో ఆరేళ్ల వయసులో అక్కను చంపినవాడికి 2022 నాటికి అరవై దాటతాయి.

పాత_క్యాసెట్:
కిల్స్ కథ జరిగింది కూడా 2018 రాత్రే. ఆ రాత్రి అరవై ఏళ్ల దగ్గరవాడు అగ్నిమాపక దళాన్ని మొత్తం నరికాడు. నాలుగేళ్లకే ఒక కుర్రాడు తోసేసి మాస్కు లాక్కునేంత బలహీనుడయ్యాడా? సొరంగం సంగతి మీకు చిన్నదిగా కనిపిస్తోంది. సినిమా మొత్తం దాని మీదే నిలబడింది.

తెరవెనుక:
ఇద్దరూ 1978 సినిమా దగ్గరికి వెళ్లడం మంచిది. జాన్ కార్పెంటర్ సుమారు 3 లక్షల డాలర్లతో తీశాడు. మాస్కు కూడా కొత్తగా చేసింది కాదు, షాపులో దొరికిన కెప్టెన్ కర్క్ (స్టార్ ట్రెక్ పాత్ర) మాస్కుకు తెల్లరంగు కొట్టి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేశారు. ఆ ముఖం మీద ఏ భావమూ ఉండదు, దాంతో చూసేవాడు తన భయాన్నే అక్కడ చూస్తాడు. బాబ్ అనే కుర్రాణ్ణి గోడకు పొడిచి వేలాడదీశాక మైకేల్ కాసేపు నిలబడి, తల ఒక పక్కకు, మళ్లీ ఇంకో పక్కకు వంచి చూస్తాడు. మైకేల్‌గా వేసిన నిక్ క్యాజిల్ చేసిన ఆ చిన్న కదలికలో కోపం లేదు, సంతోషం లేదు. మైకేల్‌కు వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ పదిహేనేళ్లు చూసి, ఆ కళ్ల వెనక చెడు తప్ప ఏమీ లేదంటాడు. కారణం లేకపోవడమే ఆ సినిమాకు బలం. 1981లో లారీ అతని చెల్లెలని చెప్పగానే ఆ బలం సగం పోయింది. 2018లో ఆ చుట్టరికాన్ని తీసేసి మంచి పని చేశారు. మళ్లీ ఎండ్స్‌లో కోరీ రూపంలో కారణాన్ని వెనక గుమ్మం నుంచి తెచ్చారు.

నైట్‌డ్యూటీ:
నేను నర్సును. మీరంతా కోరీ, మైకేల్ అంటున్నారు, లారీ మనవరాలు ఆలిసన్ గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. తండ్రి పోయాడు, తల్లి పోయింది, అదే ఊళ్లో క్లినిక్‌లో పనిచేస్తూ ఉంటుంది. ప్రమోషన్ ఆమెకు రావాల్సింది, డాక్టరుతో చనువున్న ఇంకో నర్సుకు ఇస్తారు. ఆ సీన్ చూసి నాకు కడుపు మండిపోయింది. నేను పనిచేసిన ఒకచోట అచ్చం అదే జరిగింది, కొత్తవాళ్లకు పని నేర్పింది నేను, పై పోస్టు ఇంకొకరికి. అంత బాగా మొదలుపెట్టిన అమ్మాయిని, పరిచయమై నాలుగు రోజులైనా కాని కోరీ వెంట ఊరొదిలి పోతానంటూ అమ్మమ్మ మీద అరిచేదాన్ని చేశారు. నాకు సినిమా అక్కడ పడిపోయింది.

చింతచెట్టు:
ఆలిసన్ విషయం నిజమే. రాసిన నలుగురూ మగవాళ్లే.

సెకండ్‌షో:
తల్లిని పోగొట్టుకున్న పిల్ల తనలాగే ఊరు వేలెత్తి చూపే మనిషిని పట్టుకుంటుంది. అందులో వింతేముంది?

తెరవెనుక గారూ, మైకేల్‌కు కారణం ఇప్పటికీ లేదు. కారణం ఉన్నది కోరీకి. ఒకడు అలా పుట్టాడు, ఇంకొకణ్ణి ఊరు అలా చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఇది అర్థం కావాలంటే చావుల లెక్క ఆపి సినిమా చూడాలి. ఇక్కడ సగం మందికి ఎన్ని శవాలు పడ్డాయన్నదే ముఖ్యం.

పాత_క్యాసెట్:
అది నన్నేగా అన్నది? శవాల లెక్క నేను ఎక్కడ అడిగాను? చూపించు. మెసేజ్ ఉంటే చాలు గొప్ప సినిమా అయిపోతుందనుకునే నీలాంటివాళ్ల వల్లే భయపెట్టాల్సిన సినిమాలు ఇలా తయారయ్యాయి. నీకు హంతకుడి మీద ఎందుకంత జాలి?

సెకండ్‌షో:
ఎందుకో చెప్తాను. మా మేనమామ కుర్రవాడిగా ఉన్నప్పుడు పక్కింటి పిల్లాణ్ణి కాలువకు స్నానానికి తీసుకెళ్లాడు. ఆ రోజు కాలువ నిండుగా ఉంది. గట్టు జారి పిల్లాడు కొట్టుకుపోయాడు. మామ దూకాడు, వెతికాడు, దొరకలేదు. పోలీసులు ప్రమాదమని రాశారు. ఊరు రాయలేదు. బజారుకెళ్తే తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కునేవారు. మా అమ్మమ్మ వాళ్లింటికి వచ్చిన పెళ్లి సంబంధాలన్నీ ఎవరో ఒకరు ఈ మాట చేరవేయడంతో వెనక్కి పోయాయి. చివరికి ఊరొదిలి బొంబాయి వెళ్లిపోయాడు, తాగి తాగి పోయాడు. కోరీని పెట్రోలు బంకు దగ్గర కుర్రాళ్లు చుట్టుముట్టి ఏడిపించే సీన్‌లో అతను తల దించుకుని నిలబడతాడే, మా మామ ఫొటోల్లో సరిగ్గా అలాగే ఉంటాడు. కోరీ కథ అవసరమా అని అడిగితే నాకు ఒళ్లు మండుతుంది.

తెరవెనుక:
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత మాటామాటా పెరిగేది కాదు.

పాత_క్యాసెట్:
మీ మామ గురించి నిజంగా బాధగా ఉంది. కానీ ఒక మాట. మీ మామ ఎవర్నీ చంపలేదు. ఊరు అంత చేసినా కత్తి పట్టలేదు. అలాంటప్పుడు కోరీ మీ మామ ఎలా అవుతాడు? "ఊరు తిట్టింది కాబట్టి హంతకుడయ్యాడు" అని చెప్పే సినిమా మీ మామలాంటివాళ్లనే అవమానిస్తోంది. వాళ్లను చూసి జనం పిల్లల్ని దగ్గరికి లాక్కున్నది సబబే అన్నట్టవుతుంది.

నా సంగతి కూడా చెప్తాను. మా అక్క మీద ఆమె మొగుడు కత్తితో దాడి చేశాడు. బతికింది. ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడవదు. పంచాయితీలో, చుట్టాల్లో, లాయరు దగ్గర, ఎక్కడ కూర్చున్నా అందరి నోటా అతని గురించే. ఉద్యోగం పోయిందట, చిన్నప్పుడు తండ్రి కొట్టేవాడట, పాపం మనసు బాగాలేదట. రాత్రిళ్లు నిద్రపడుతోందా అని మా అక్కను ఒక్కళ్లూ అడగలేదు.

నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు 1978 సినిమా మొదటిసారి చూశాను. అందులో చంపేవాడి కష్టాలు ఎవరూ చెప్పరు. కెమెరా, కథ, మనం అందరం లారీ వైపే. అందుకే నాకు ఈ సిరీస్ అంత ఇష్టం. కిల్స్‌లో లారీని ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టారు. సరే, చివరిదైనా ఆమెకు ఇస్తారనుకున్నాను. ఆమె చివరి సినిమాలో గంటకు పైగా ఇంకో హంతకుడి బాధ చూపించారు. మా అక్క ఇంట్లో కూర్చుని విన్నవన్నీ నేను డబ్బిచ్చి హాల్లో కూర్చుని మళ్లీ విన్నాను.

నైట్‌డ్యూటీ:
మీ ఇద్దరి పోస్టులూ చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పాత_క్యాసెట్ గారూ, మీరు చెప్పింది ఈ సినిమాలోనే ఉంది. సూపర్‌మార్కెట్ బయట సీన్ గుర్తుందా? కిల్స్‌లో మెడలో ట్యూబ్‌లైటు దిగి బతికిన ఆవిడ చక్రాల కుర్చీలో ఉంటుంది, నోట మాట లేదు. ఆమె అక్కో చెల్లెలో లారీ మీదికి వచ్చి, వాణ్ణి రెచ్చగొట్టింది నువ్వేనంటుంది. లారీ జవాబు చెప్పలేక కారెక్కి ఏడుస్తుంది. బతికిన ఆడదాన్ని ఊరు ఎలా నిలదీస్తుందో ఈ సిరీస్‌లో అంత సూటిగా ఇంకెక్కడా చూపలేదు.

పాత_క్యాసెట్:
గుర్తుంది. జేమీ లీ కర్టిస్ ఆ కారులో ఏడ్చిన తీరు మర్చిపోలేను. సినిమా మొత్తం అదే కావాలి నాకు. అది కాసేపే ఉంది, తర్వాత మళ్లీ కోరీ మోటార్ సైకిలు.

సెకండ్‌షో:
మీ అక్క విషయం నాకు తెలియదు. అందాక నేనన్న మాటలు అలా ఉండాల్సింది కాదు, అయినా కోరీ విషయంలో నా మాట మారదు. అతన్ని క్షమించమని సినిమా అడగలేదు. లారీ అతన్ని సరాసరి కాల్చి మెట్ల మీంచి పడేస్తుంది. మైకేల్ వచ్చి మెడ విరిచేస్తాడు. ఆ తర్వాత వంటింటి పోరాటం పూర్తిగా లారీదే. కత్తులు దింపి మైకేల్‌ను బల్లకు కదలకుండా బిగిస్తుంది, ఫ్రిజ్ మీద పడేస్తుంది, గొంతు కోస్తుంది. ఆలిసన్ వచ్చి చెయ్యి విరుస్తుంది. 2002లో వచ్చిన రిసరెక్షన్‌లో లారీని మొదట్లోనే చంపేశారు, అంతకుముందు సినిమాలో ఆమె తల నరికింది మైకేల్‌ది కాదని, అంబులెన్సు మనిషిదని తేల్చారు. అలాంటి దొంగాట మళ్లీ ఎవరూ ఆడకుండా ఇక్కడ ఊరందరి ముందు శవాన్ని పాత ఇనుము నలిపే యంత్రంలో వేశారు. ఆ పని చేసింది లారీ. ఆమెకు దక్కాల్సింది దక్కింది.

పాత_క్యాసెట్:
వంటింటి సీన్ బాగుంది, దాని మీద నాకు గొడవ లేదు. నా గొడవంతా దానికి ముందు గంటన్నర మీదే. సొరంగం సంగతి ఇప్పటికీ తేలలేదు.

కొత్తసభ్యుడు22:
నేను ఇవేవీ చూడలేదు. ఏ వరసలో చూడాలి?

తెరవెనుక:
1978, తర్వాత 2018, కిల్స్, ఎండ్స్. ఈ నాలుగూ ఒకే కథ. మధ్యలోవి చూడకపోయినా అర్థమవుతుంది.

పాత_క్యాసెట్:
1978, 1981, తర్వాత 1998లో వచ్చిన హెచ్‌20. అందులో లారీ గొడ్డలి ఎత్తిన దగ్గర ఆపేయండి.