ఆరోగ్య సేతు: వివరాలు ఫోను దాటి పోలేదని చూపించడం ఎలా?

కరోనా రోజుల్లో చీరాలలో మా నేతవారి వీధిలో చాలామంది ఫోన్లలో ఆరోగ్య సేతు (కరోనా సోకినవారి దగ్గరగా మెలిగామేమో బ్లూటూత్, లొకేషన్‌లతో కనిపెట్టే ప్రభుత్వ యాప్) ఉండేది. కానీ బ్లూటూత్, లొకేషన్ రెండూ ఆపేసి ఉంచేవారు. అప్పుడు యాప్ ఉన్నా లేనట్టే. పైగా అందులో ముప్పు తక్కువని చెప్పే ఆకుపచ్చ రంగు చూసి నిశ్చింతగా తిరిగేవారు, అది ఇంకా ప్రమాదం.

ఎక్కడ తిరిగిందీ పోలీసులకు తెలిసిపోతుందన్నదే అందరి భయం. పాజిటివ్ రాకపోతే ఫోనులోని వివరాలు 30 రోజులకు చెరిగిపోతాయని గోప్యతా విధానం చదివి వినిపించాను. ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను 2020 మే 26న బయటపెట్టారనీ చెప్పాను. గుంటమగ్గంలో కూర్చున్న మనిషికి కోడ్ చూపించి ఏం లాభం! అయినా 15 నిమిషాలకోసారి లొకేషన్ నమోదవుతుందని ఆ విధానంలోనే ఉండేది, కాబట్టి వారి అనుమానాన్ని కొట్టిపారేయలేకపోయాను.

లొకేషన్ అనుమతి తీసేసి బ్లూటూత్ ఒక్కటే ఉంచి చూశాను (ఆండ్రాయిడ్ 9). యాప్ మళ్లీ అదే అనుమతి అడిగింది. సెట్టింగ్స్‌లో డేటా వినియోగం చూస్తే ఎంత వాడిందో తెలిసింది గాని, ఏం పంపిందో తెలియలేదు. స్మార్ట్‌ఫోను లేనివారు మాత్రం 1921కి (అదే సేవ ఫోను కాల్ ద్వారా ఇచ్చిన నంబరు) మిస్డ్ కాల్ ఇవ్వడానికి వెంటనే ఒప్పుకున్నారు.

లొకేషన్ వివరాలు ఫోను దాటి సర్వర్‌కు వెళ్లలేదని, కోడ్ జోలికి పోకుండా, మామూలు ఫోనులోనే వారి కళ్లముందు చూపించే మార్గం ఏదైనా ఉండేదా?