అసున్సియోన్‌లో బదిలీ కోసం ఎదురుచూసిన స్పెయిన్ అధికారులు: ఉద్యోగం వదలి ఎందుకు వెళ్ళిపోలేదు?

ప్రశ్న: కందుకూరు పాఠకుడు

మిత్రులకు నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో కొందరం కలిసి స్పెయిన్ పాలనలోని దక్షిణ అమెరికా చరిత్ర చదువుతున్నాము. 18వ శతాబ్దం చివరి పరాగ్వేకు, దాని ముఖ్యపట్టణమైన అసున్సియోన్‌కు వచ్చేసరికి ఒక తరహా అధికారి మా చర్చలో మాటిమాటికీ ఎదురవుతున్నాడు. న్యాయశాస్త్రం చదివినవాడు, పదవి ఉన్నవాడు, భార్యాబిడ్డలను దూరదేశంలో వదిలి వచ్చినవాడు. నేడో రేపో ఉత్తర్వు వస్తుందని అర్జీ మీద అర్జీ పెట్టుకుంటూ, ఆ ఆశలోనే అప్పులపాలై, పై అధికారితో చెడి, చివరకు ఊరిలో మర్యాద కూడా పోగొట్టుకున్నవాడు. మన దగ్గర ఉదయగిరికో సీతారామపురానికో బదిలీ అయినవారు కొంతకాలం ఓపిక పట్టి, ఎవరినో ఒకరిని పట్టుకుని నెల్లూరు చేరుకోవడం ఎరిగినదే. అంత విసిగిన మనిషి రాజీనామా ఇచ్చి పడవ ఎక్కకపోవడానికి అతని మెతకతనమే కారణమా, లేక వ్యవస్థలోనే ఏదైనా పట్టు ఉందా?

సమాధానం: మూలాపేట విశ్రాంత ఉద్యోగి

వ్యవస్థలోనే పట్టు ఉంది. నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిని కనుక ముందుగా దస్త్రం నడిచే దారి చూస్తాను. 1801లో నెల్లూరు కంపెనీ చేతికి వచ్చిన తరువాత ఇక్కడి కలెక్టరు పైవారు మద్రాసులోని రెవెన్యూ బోర్డువారు. మధ్య దూరం సుమారు 175 కిలోమీటర్లు. అసున్సియోన్ అధికారి కాగితం వెయ్యి కిలోమీటర్లకు పైగా నది వెంట దిగి బ్యూనస్ ఎయిర్స్ చేరాలి, అక్కడ ఓడ దొరకాలి, అట్లాంటిక్ దాటాలి, స్పెయిన్‌లో ఎవరి బల్ల మీదనో నలగాలి. జవాబు వచ్చే పడవ నదికి ఎదురెక్కాలి, అందుకు నెలలు పట్టేది. ఒక మనవికి ఏడాదిలోపు జవాబు రానందుకు కోపగించుకునే హక్కు కూడా అతనికి ఉండేది కాదు.

ఇక వదలి వెళ్ళడం. అనుమతి లేకుండా స్థానం విడవడం నేరం. పదవిలో చేరేముందే జామీనుదారులను చూపించాలి, మొదటి సంవత్సరపు రాబడిలో సగం రాజుకు పన్నుగా కట్టాలి. 1631 నుంచి ఉన్న ఈ పన్నును మేదియా అనాతా అనేవారు. అంటే మనిషి అప్పుతోనే కుర్చీలో కూర్చునేవాడు. పదవీకాలం ముగియగానే రెసిడెన్సియా అనే విచారణ జరిగేది. అతని మీద ఫిర్యాదు ఉన్న ప్రతివారూ వచ్చి చెప్పుకోవచ్చు, ఆ విచారణ చేసేది చాలాసార్లు అతని స్థానంలోకి వచ్చినవాడే. గవర్నరు వంటి అధికారులు తమ పరిధిలోని స్త్రీని రాజానుమతి లేకుండా వివాహమాడరాదన్న నిషేధం కూడా ఉండేది. స్థానికులతో కలిసిపోతే న్యాయం చెడుతుందని చేసిన నియమమిది. దానివల్ల న్యాయం ఎంత నిలిచిందో గాని, ఒంటరితనం మాత్రం చట్టబద్ధమైంది.

అన్నిటికంటె పెద్ద దెబ్బ జన్మస్థలం. అమెరికాలోనే పుట్టిన స్పానిష్ సంతతివారిని క్రియోల్లోలు అంటారు. 1776 నుంచి 1787 వరకు ఇండీస్ (అంటే ప్రధానంగా అమెరికాలోని స్పెయిన్ వలసలు) వ్యవహారాల మంత్రిగా ఉన్న హోసే దే గాల్వెస్ ఉన్నత పదవులకు స్పెయిన్‌లో పుట్టినవారినే ఏరుకున్నాడు. క్రియోల్లో న్యాయవాది ఎంత చదివినా పై మెట్టుకు చేరడం కష్టమైపోయింది. ఒక్కో ప్రాంతాన్ని రాజు తరఫున పాలించే అధికారిని ఇంటెండెంటు అనేవారు, అతని పరిధి ఇంటెండెన్సీ. 1782 నాటి ఇంటెండెంట్ల శాసనం ప్రకారం ప్రతి ఇంటెండెన్సీలోనూ అసెసర్ అనే న్యాయ సలహాదారు ఉండాలి. వ్యాజ్యాల భారమంతా అతనిది, పేరు మాత్రం ఇంటెండెంటుది. ఇలాంటి ఉద్యోగాలు నేనూ చూశాను, వివరాలు వద్దులెండి.

సమాధానం: ఒంగోలు ఉపాధ్యాయురాలు

పెద్దవారు చెప్పినది ఒప్పుకుంటూనే ఒక మనిషిని గుర్తుచేస్తాను. ఫెలిక్స్ దే అజారా సైనిక ఇంజనీరు. 1777 ఒప్పందం ప్రకారం స్పెయిన్, పోర్చుగల్ సరిహద్దు గీయడానికి వచ్చి 1784లో అసున్సియోన్ చేరాడు. పోర్చుగీసు ప్రతినిధులు ఎంతకీ రాలేదు. అయినా ఆయన కూర్చుని కుళ్ళిపోలేదు. పటాలు గీశాడు, జంతువులను పరిశీలించాడు, 448 పక్షులను వర్ణించి రాశాడు, ఫ్రెంచి శాస్త్రవేత్త బ్యుఫాన్ రాతలలో తప్పులు పట్టాడు. తరువాతి కాలంలో డార్విన్ కూడా ఆయన పరిశీలనలను ఉటంకించాడు. వ్యవస్థ ఒక్కటే, మనుషులు వేరు. కనుక నెపమంతా వ్యవస్థ మీద మోపితే మనిషికి బాధ్యత ఏమి మిగిలినట్లు?

సమాధానం: కావలి పరిశోధక విద్యార్థి

మేడమ్ గారూ, అజారాను కొలబద్దగా పెట్టడం అన్యాయమనిపిస్తున్నది. ఆయన స్పెయిన్‌లో పుట్టినవాడు, అవివాహితుడు. అన్నగారు హోసే నికోలాస్ రోమ్‌లో స్పెయిన్ రాయబారి. పని సరిహద్దుది కనుక గుర్రమెక్కి ఊరు దాటడానికి ఆయనకు కారణం ఉండేది. ఊరిలో వ్యాజ్యాలు వినే అసెసర్‌కు అది ఎక్కడిది? అంతటి అజారా సైతం పుస్తకాలు లేవని, మాట్లాడుకోవడానికి చదువుకున్నవారు లేరని, మంచి వయసంతా లోకపు మారుమూల గడిచిపోయిందని వాపోయాడు. స్పెయిన్ తిరిగి చేరింది 1801లో.

ఇంకొక మాట. ఈ అధికారుల నిస్పృహ గురించి మనం ఇంతగా చదవగలుగుతున్నది వారు అర్జీలు రాసినందువల్ల. అదే ఊరి చుట్టూ ఎన్కొమియెండా (స్థానికుల శ్రమను స్పానిష్ యజమానులకు అప్పగించే పద్ధతి) కింద ఉన్న గ్వారానీలనే స్థానిక తెగవారు సంవత్సరానికి రెండు నెలలు యజమానికి ఊడిగం చేసేవారు. యజమాని దగ్గరే శాశ్వతంగా ఉండిపోయే ఒరిహినారియోలనే వర్గానికి ఆ రెండు నెలల హద్దు కూడా లేదు. ఊరిలో స్పానిష్ సంతతివారు సైతం ఎక్కువగా గ్వారానీ భాషే మాట్లాడేవారు, కనుక బయటినుంచి వచ్చిన అధికారికి వీధి మాటలే సరిగా అందేవి కావు. తన బాధలో మునిగినవాడు తన కొలువు ఎవరి మెడ మీద నిలిచిందో చూడలేదన్నది నా ఫిర్యాదు.

కందుకూరు పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. స్పెయిన్ పాలన పోయినప్పుడు అక్కడే మిగిలినవారి గతి ఏమైంది?

మూలాపేట విశ్రాంత ఉద్యోగి

బాబూ, చివరి గవర్నరు బెర్నార్దో దే వెలాస్కోను 1811లో దింపివేశారు. తరువాత అధికారం చేపట్టిన ఫ్రాన్సియా, 1814లో, స్పెయిన్‌లో పుట్టిన పురుషులు తెల్లజాతి స్త్రీలను పెళ్ళాడరాదని శాసించాడు. మునుపు రాజు అధికారులకు పెట్టిన కట్టుబాటు ఈసారి గణతంత్రం చేతిలో స్పెయిన్‌వారందరి మీదా పడింది. 1821లో వారిని పెద్ద సంఖ్యలో చెరలో వేసి, భారీ జరిమానా కట్టాకే విడిచిపెట్టాడు.