షుగర్ ఉన్నవారిలో గుండె ముప్పు తెలుసుకోవడానికి ఆక్సిడేటివ్ స్ట్రెస్ టెస్టులు రాయాలా?

మెటబాలిక్_నోట్స్
టైప్ 2 షుగర్‌లో రక్తనాళాలు పాడవడం వెనక ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఫ్రీ రాడికల్స్ మితిమీరి కణాలను దెబ్బతీయడం) ఉందన్నది ఇక్కడ అందరూ ఒప్పుకునేదే. గ్లూకోజు పెరిగితే మైటోకాండ్రియాలో సూపర్ఆక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ పెరుగుతుందని, కణాలను పాడుచేసే పాలియోల్, పీకేసీ, హెక్సోసమైన్, ఏజీఈ అనే రసాయన దారులన్నీ దాని వల్లే చురుకవుతాయని 2001లో శాస్త్రవేత్త బ్రౌన్లీ ప్రతిపాదించారు. అలాంటప్పుడు కొవ్వులు ఆక్సీకరణమైతే పుట్టే ఎండీఏ, ఎఫ్2-ఐసోప్రోస్టేన్, ఆక్సీకరణమైన చెడు కొలెస్ట్రాల్ అంటే ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్ కొలిచి, గుండెపోటు ముప్పు ఎవరికి ఎక్కువో ముందే ఎందుకు పట్టుకోకూడదు? రాయాలనే నా వాదన. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల గ్లూకోజు సగటు మాత్రమే చెబుతుంది, రోజులో గ్లూకోజు ఎంత ఎగిసి పడుతోందో చెప్పదు. 2006లో మోనియే బృందం 21 మంది టైప్ 2 రోగుల్లో చూస్తే మూత్రంలోని ఐసోప్రోస్టేన్ ఆ ఎగుడుదిగుళ్లతోనే గట్టిగా ముడిపడి ఉంది.

బెంచ్_బయోకెమ్
ముందు ఎండీఏ సంగతి చూద్దామండీ. రిపోర్టులో ఆ పేరుతో వచ్చేది చాలాసార్లు టీబార్స్ అనే రంగు పరీక్ష రీడింగు. ప్లాస్మాలో థయోబార్బిట్యూరిక్ యాసిడ్ (టీబీఏ) కలిపి, ఆమ్లంలో 95 డిగ్రీల దగ్గర గంటసేపు కాచి, వచ్చిన గులాబీ రంగును 532 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ఆ రంగు ఎండీఏ ఒక్కదానిది కాదు. చక్కెరలు, బైలిరుబిన్, సియాలిక్ యాసిడ్ కూడా అదే రియేజెంట్‌తో కలుస్తాయి. షుగర్ రోగి ప్లాస్మాలో చక్కెర ఎక్కువన్నది వేరే చెప్పనక్కర్లేదు. పైగా కాచేటప్పుడే ట్యూబులోని కొవ్వులు ఆక్సీకరణం చెంది కొత్త ఎండీఏ పుడుతుంది, అందుకే ఆక్సీకరణాన్ని ఆపే రసాయనం బీహెచ్‌టీ కలపాలి. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలి ప్లాస్మా కొద్దిగా ఎర్రబారినా ఆ నమూనా పారబోయాల్సిందే. హీమ్‌లోని ఇనుము ఆక్సీకరణాన్ని ఎగదోస్తుంది, హిమోగ్లోబిన్ రంగు రీడింగునూ చెడగొడుతుంది. హెచ్‌పీఎల్‌సీతో (పదార్థాలను వేరుచేసే యంత్రం) ఎండీఏ-టీబీఏ జంటను విడదీసి చదివితే కొంత మేలు. మామూలు కిట్టు అంకెను పట్టుకుని గుండె గురించి మాట్లాడటం మాత్రం తప్పు.

గణాంక_దృష్టి
ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్‌ది ఇంకో చిక్కు. ఎలైజాలో అది మొత్తం ఎల్‌డీఎల్ వెంటే నడుస్తుంది. కణాలు ఎక్కువుంటే ఆక్సీకరణమైనవీ ఎక్కువే దొరుకుతాయి. స్టాటిన్ మొదలుపెడితే రెండూ కలిసే దిగుతాయి. కాబట్టి మోడల్‌లో అపోబి (ఎల్‌డీఎల్ లాంటి కణాల సంఖ్య చెప్పే ప్రోటీన్) పెట్టాక ఏం మిగిలిందో అడగాలి.

ఇంకో మాట. గుండెపోటు వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ సగటులో తేడా ఉంది, పీ విలువ 0.001 (యాదృచ్ఛికంగా అంత తేడా రావడం చాలా అరుదు) అంటే ఆ మార్కర్ పనికొస్తుందని కాదు. రెండు గుంపుల వంపులను ఒకే కాగితం మీద గీయండి. ఒకదాని మీద ఒకటి పడిపోయి ఉంటే, మీ ఎదుట కూర్చున్న మనిషి ఏ వంపులోని వాడో ఆ అంకె చెప్పలేదు. వయసు, బీపీ, పొగ, అపోబి, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం), మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (కిడ్నీ దెబ్బకు గుర్తు) ముందు పెట్టి, ఆపైన ఈ మార్కర్ చేర్చితే ఎంతమంది ముప్పు తరగతి సరైన వైపు మారిందో చూపాలి.

మెటబాలిక్_నోట్స్
టీబార్స్ విషయం ఒప్పుకుంటాను. కానీ ఐసోప్రోస్టేన్‌ను అదే గాటన కట్టకండి. మూత్రంలో ఆక్సీకరణమయ్యే కొవ్వు దాదాపు ఉండదు, కాబట్టి ట్యూబులో కొత్తగా పుట్టే బెడద లేదు. మాస్ స్పెక్ట్రోమీటర్ మీద చదివితే కొలత నమ్మదగ్గదే.

బెంచ్_బయోకెమ్
మూత్రం వరకు నిజమే. ప్లాస్మా అయితే ఈడీటీఏ ట్యూబు, ఐసు, వెంటనే సెంట్రిఫ్యూజ్, బీహెచ్‌టీ, ఆపైన మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు. మైనస్ 20లో ఉంచితే ఐసోప్రోస్టేన్‌కు మూలమైన అరాకిడోనిక్ యాసిడ్ అక్కడే ఆక్సీకరణమవుతూ పోతుంది. నెలల తర్వాత మీరు చదివేది రోగిని కాదు, ఫ్రీజరును.

మూత్రంలోనూ రెండు జాగ్రత్తలున్నాయి. క్రియాటినిన్‌తో భాగిస్తాం కదా, కండ తగ్గిన వృద్ధుల్లో క్రియాటినిన్ తక్కువ కాబట్టి నిష్పత్తి ఊరికే పెరిగి కనిపిస్తుంది. రెండోది, మనం కొలిచే ఐసోప్రోస్టేన్ అయిన 8-ఐసో-పీజీఎఫ్2ఆల్ఫా కొంత కాక్స్ ఎంజైమ్ ద్వారా ప్లేట్‌లెట్లలోనూ తయారవుతుంది. అంతా ఫ్రీ రాడికల్ పనే అనలేం. మోనియే ఫలితం విషయానికొస్తే, 2008లో టైప్ 1 రోగుల్లో టాండెమ్ మాస్ స్పెక్‌తో చూసినప్పుడు గ్లూకోజు ఎగుడుదిగుళ్లతో ఆ సంబంధం కనబడలేదు.

కార్డియో_ఓపీ
టెస్టు రాశాక ఏం చేస్తారన్నదే నాకు అసలు ప్రశ్న. అంకె ఎక్కువొస్తే చేతికందేది విటమిన్ మాత్ర. ఆ దారి ఇప్పటికే నడిచి చూశారు. 2000లో హోప్ ట్రయల్: 9,541 మంది, రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ, సగటున నాలుగున్నరేళ్లు. గుండె ఘటనలు తగ్గలేదు. 2002లో హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ: 20,536 మందిలో సగం మందికి 600 మి.గ్రా. విటమిన్ ఇ, 250 మి.గ్రా. విటమిన్ సి, 20 మి.గ్రా. బీటా కెరోటిన్. అక్కడా అంతే. స్టాటిన్, బీపీ మందు, పొగ మానడం అనేవి ఎండీఏ ఎంతున్నా మారవు. రిపోర్టు చూసి భయపడి స్టాటిన్ ఆపేసి యాంటీఆక్సిడెంట్ డబ్బాతో సరిపెట్టుకుంటే ఆ నష్టం పూడ్చలేం.

మెటబాలిక్_నోట్స్
హాప్టోగ్లోబిన్ అనే రక్త ప్రోటీన్ 2-2 జన్యురూపాన్ని మరిచిపోకండి. ఇజ్రాయెల్‌లో ఐకేర్ ట్రయల్ ఆ జన్యురూపం ఉన్న 1,434 మంది షుగర్ రోగులకే విటమిన్ ఇ లేదా ప్లేసిబో ఇచ్చి చూసింది. ఏడాదిన్నరకే ఘటనలు 4.7 శాతం నుంచి 2.2 శాతానికి తగ్గాయని 2008లో ప్రచురించారు.

గణాంక_దృష్టి
అది మంచి ఆధారం, కానీ ముందే ఆపేసిన ట్రయల్. అలాంటివాటిలో ప్రయోజనం ఉన్నదానికన్నా పెద్దదిగా కనబడే అవకాశం ఎక్కువ. పైగా హాప్టోగ్లోబిన్ జీవితంలో ఒక్కసారి చూసే జన్యురూపం. నెలనెలా మారే ఎండీఏకి దాన్ని సాక్ష్యంగా తేవడం కుదరదు.

మెటబాలిక్_నోట్స్
సరే, రోజువారీ ఓపీలో ఎండీఏ, ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్ రాయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మూత్ర ఐసోప్రోస్టేన్, హాప్టోగ్లోబిన్ పరిశోధనలో కొనసాగాలనే అంటాను.

కార్డియో_ఓపీ
అందులో పేచీ లేదండీ. ఓపీలో మాత్రం ముందు ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూడండి. గ్రాముకు 30 మి.గ్రా. దాటితే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ పరీక్షించండి, మూడు పరీక్షల్లో రెండుసార్లు ఎక్కువొస్తేనే లెక్కలోకి తీసుకోండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు గట్టి వ్యాయామం ఉంటే ఆ నమూనా వద్దు.