పర్లాకిమిడి సీబీఎస్ఈ బడిలో ఆరో తరగతికి మూడో భాషగా తెలుగు: ఎవరికైనా దొరికిందా?

మా అబ్బాయి ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు సీబీఎస్ఈ పాఠశాలలో ఆరో తరగతిలో చేరాడు. ఇంగ్లీషు, హిందీ తప్పనిసరి కాగా, మూడో భాషను ఎంచుకోవడానికి ఇచ్చిన పత్రంలో ఒడియా, సంస్కృతం, తెలుగు అని మూడు గడులు అచ్చయి ఉన్నాయి. తెలుగు గడిని మాత్రం పెన్నుతో కొట్టివేశారు.

లిఖితపూర్వకంగా విన్నవిస్తే, తెలుగు ఉపాధ్యాయులు లేరనీ, కొద్దిమంది కోసం పీరియడు కేటాయించలేమనీ నోటిమాటగా చెప్పారు. అదే తరగతిలోని మిగతా తెలుగు పిల్లల తల్లిదండ్రుల సంతకాలతో మళ్లీ అర్జీ ఇచ్చి, మూడు భాషల ఎంపికలో ప్రాంతానికి, విద్యార్థికి కూడా పాత్ర ఉండాలన్న 2020 జాతీయ విద్యా విధానాన్ని, పదో తరగతి భాషల జాబితాలో తెలుగును బోర్డు ఉంచిన సంగతిని అందులో ప్రస్తావించినా జవాబు రాలేదు. ఒడియాపై మాకు విముఖత లేదు, వీధిలో వాడు మాట్లాడేది అదే. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడే పిల్లవాడు గుణింతాలు కూడా రాయలేకపోవడమే మా బాధ.

గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోని సీబీఎస్ఈ బడుల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు తెలుగును మూడో భాషగా సాధించుకున్నవారు, ఎవరికి ఏ రూపంలో దరఖాస్తు చేశారో దయచేసి తెలుపగలరా?