చింత మొద్దు చీలడం లేదు, పొగ తగ్గడం లేదు

దేవరకొండ నుంచి ప్రశ్న: గాలివానకు పడిన చింతచెట్టును కోయించి, స్నానాల నీళ్ల కాగు కింద వాడుకుందామంటే, మొద్దు చీలకపోగా గొడ్డలే అందులో ఇరుక్కుపోతున్నది. ఎట్లాగో చీల్చిన కట్టెలు మంట కన్నా పొగే ఎక్కువ ఇస్తున్నాయి. అనుభవజ్ఞులు దారి చెప్పగలరు.

అచ్చంపేట నుంచి: అన్నా, చింత పోగులు ఒకదానిలో ఒకటి పెనవేసుకొని ఉంటాయి కనుక నడిమధ్యన కొడితే అది లొంగదు. కోసిన ముఖంపై నడుమ నుంచి అంచుకు పాకిన పగుళ్లను చూసి, అంచు దగ్గర ఇనుప చీలను (మేకు కాదు, ఒక కొన పలుచగా ఉండే ఇనుప దిమ్మెను) నిలిపి సమ్మెటతో దించి, పగులు తెరుచుకోగానే దాని ముందర రెండో చీలను పెట్టి, అంచుల నుంచి పలకలుగా ఊడదీయండి. కొమ్మ మొలిచిన ముడి ఉన్న ముక్కను రంపానికే వదలండి. గొడ్డలి వెనుక భాగంతో చీలను కొట్టవద్దు. పిడి దూర్చే చోట గొడ్డలి పగలవచ్చు, దయచేసి ఇది తేలికగా తీసుకోవద్దు.

నాగర్‌కర్నూల్ నుంచి: పొగకు కారణం పచ్చితనమే. కట్టెలోని నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చవుతుంది. తేమ 20 శాతం లోపుకు దిగాలంటే, చీల్చిన కట్టెలను నేలకు ఆనకుండా రాళ్లపై పేర్చి, పైన మాత్రమే రేకు కప్పి, పక్కలు గాలికి వదిలి, ఒక ఎండాకాలమంతా దాటనివ్వాలి. రెండు ముక్కలను తాటించినప్పుడు ఖంగుమని మోగితే ఎండినట్లే.

నల్గొండ నుంచి: ఎండిన చింత తొందరగా అంటుకోదు. ముందు కందికట్టెతో మంట లేపి, ఆ తరువాత సన్నని చింత పేళ్లు వేయండి. నిప్పు చాలాసేపు నిలుస్తుంది.