ఆండర్సన్ లోకలైజేషన్: 2డీలో ఎలక్ట్రాన్ ఎందుకు ఇరుక్కోవట్లేదు?

ప్రశ్న:
క్రమం లేని పదార్థంలో ఎలక్ట్రాన్ ఒకచోటే ఇరుక్కుపోవడం (లోకలైజేషన్) మీద భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ రాసిన 1958 పేపర్ ఆధారంగా 50×50 గళ్ళ లాటిస్ (గ్రిడ్) మీద లెక్క వేస్తున్నాను. పక్క గడికి దూకే బలం 1. ఒక్కో గడి ఎనర్జీ −1 నుంచి +1 మధ్య ర్యాండమ్, అంటే డిజార్డర్ (ఈ అస్తవ్యస్తత) వెడల్పు 2. రెండు డైమెన్షన్లలో డిజార్డర్ ఎంత తక్కువున్నా ఎలక్ట్రాన్ ఇరుక్కుపోతుందంటారు. ఇక్కడేమో వేవ్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్ ఎక్కడెక్కడ ఉండొచ్చో చెప్పేది) గ్రిడ్డంతా పరుచుకునే ఉంది. కోడ్‌లో తప్పుందా? ఆయనకు నోబెల్ వచ్చింది ఈ ఒక్క పనికేనా?

జవాబు 1:
కోడ్ కాదండీ, గ్రిడ్ చాలట్లేదు. 2డీలో డిజార్డర్ తగ్గేకొద్దీ లోకలైజేషన్ పొడవు (ఇరుక్కున్న ఎలక్ట్రాన్ ఎంత మేర పరుచుకుంటుందో) ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. వెడల్పు 2 అంటే అది 50 గళ్ళను ఎప్పుడో దాటేసింది. వెడల్పు 10 పెట్టండి, ఇరుక్కోవడం కనిపిస్తుంది.

బొమ్మ చూసి మాత్రం తేల్చకండి. ప్రతి గడిలో సంభావ్యతను వర్గం చేసి అన్నీ కూడండి. పరుచుకున్న స్థితికి ఈ మొత్తం గ్రిడ్ పెరిగేకొద్దీ పడిపోతుంది, ఇరుక్కున్నదానికి ఒకచోట నిలబడుతుంది. అందుకే 20, 40, 60 సైజులు మూడూ కావాలి. ఎనర్జీ సున్నా దగ్గరి స్థితులే తీసుకోండి. బ్యాండ్ (ఎలక్ట్రాన్‌కు వీలైన ఎనర్జీల పరిధి) అంచుల్లోవి తేలిగ్గా ఇరుక్కుంటాయి, అవి కలిస్తే ఫలితం చెడుతుంది. సగటు కూడా లాగరిథమ్ మీద తీయండి, లేకపోతే ఒకటి రెండు విపరీతమైన శాంపిళ్ళే మొత్తాన్ని లాగేస్తాయి.

జవాబు 2:
"ఎంత తక్కువున్నా" అన్నది 1958 నాటి మాట కాదు. 1979లో అబ్రహామ్స్, ఆండర్సన్, లిచియార్డెల్లో, టి.వి. రామకృష్ణన్ రాసిన స్కేలింగ్ (సైజు పెరిగితే వాహకత ఎలా మారుతుందన్న) పేపర్‌ది. రెంటికీ మధ్య 21 ఏళ్ళు! 1958లో ఆండర్సన్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో ఉన్నారు. ఫాస్ఫరస్ కలిపిన సిలికాన్ మీద అక్కడే ఫెహర్ చేసిన స్పిన్ ప్రయోగాలే ఎలక్ట్రాన్ ఇరుక్కుంటుందా అన్న ప్రశ్నను ముందుకు తెచ్చాయి.

నోబెల్ 1977లో, మాట్, వాన్ వ్లెక్‌లతో కలిపి. హార్వర్డ్‌లో ఆయన పీహెచ్‌డీ గైడ్ ఈ వాన్ వ్లెక్కే. బహుమతి అయస్కాంత పదార్థాల సిద్ధాంతానికి కూడా, కాబట్టి లోహంలో అయస్కాంత మలినాల మీద 1961లో రాసిన పేపర్నీ చదవండి. 1975లో ఎడ్వర్డ్స్‌తో స్పిన్ గ్లాస్ (అణువుల అయస్కాంత దిశలు చిందరవందరగా గడ్డకట్టిన పదార్థం) మోడల్ చేశారు. కుప్రేట్ (రాగి ఆక్సైడ్) సూపర్‌కండక్టర్లకు 1987లో ప్రతిపాదించిన ఆర్‌వీబీ (రెసొనేటింగ్ వేలెన్స్ బాండ్) సిద్ధాంతం మీద మాత్రం వాదన ఇంకా తెగలేదు.

జవాబు 3:
3డీకి వెళ్తే అసలు మలుపు కనబడుతుంది: బ్యాండ్ మధ్యలో వెడల్పు సుమారు 16.5 దాటాకే స్థితులు ఇరుక్కుంటాయి. మెమరీ చూసుకోండి. 20×20×20 అంటే 8000 గళ్ళు, పూర్తి మ్యాట్రిక్స్‌కు డబుల్ ప్రెసిషన్‌లో 512 ఎంబీ. 30కి పెంచితే దాదాపు 5.8 జీబీ. అక్కణ్ణుంచి స్పార్స్ మ్యాట్రిక్స్ (సున్నా కాని విలువలే దాచేది) పెట్టుకుని, షిఫ్ట్-ఇన్వర్ట్ (కోరిన ఎనర్జీ చుట్టూ ఉన్న స్థితులనే వెతికే పద్ధతి) తో సున్నా దగ్గరి కొన్ని స్థితులే లాగండి.